ది స్మిత్స్ డబ్బు తగాదా: డ్రమ్మర్‌కి నాలుగో వంతు న్యాయమేనా?

పాతకేసెట్:
ఇంగ్లండ్ ఇండీ బ్యాండ్‌ల గురించి వేరే చోట మాట్లాడుకుంటుంటే ది స్మిత్స్ కోర్టు గొడవ మధ్యలో వచ్చి, అసలు చర్చ పక్కకి పోయింది. అందుకే దీన్ని విడిగా పెడుతున్నాను.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 1982లో మాంచెస్టర్‌లో మొదలైన బ్యాండ్ ఇది. పాటలు రాసి పాడేది మోరిసీ. బాణీలు కట్టి గిటార్ వాయించేది జానీ మార్. బేస్ గిటార్ ఆండీ రూర్క్, ఇతను మార్‌కి స్కూలు స్నేహితుడు. డ్రమ్స్ మైక్ జాయిస్. రఫ్ ట్రేడ్ అనే స్వతంత్ర రికార్డు కంపెనీ తరఫున 1984 నుంచి 1987 దాకా నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు, మధ్యలో బోలెడన్ని సింగిల్స్. రెండో ఆల్బమ్ 1985లో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. సింగిల్స్ మాత్రం బ్యాండ్ ఉన్నన్నాళ్ళూ ఒక్కటీ పదో స్థానం దాటి పైకి పోలేదు. 1987 వేసవిలో మార్ తప్పుకున్నాడు. ఐదేళ్ళలో కథ అయిపోయింది.

ఇక డబ్బు సంగతి. రికార్డులు, కచేరీల లాభంలో మోరిసీకి 40, మార్‌కి 40, మిగిలిన ఇద్దరికీ చెరో 10 శాతం. 1989లో జాయిస్, రూర్క్ కోర్టుకెక్కారు. చేతిలో డబ్బు లేని రూర్క్ 83 వేల పౌండ్లకి, ఇకపై అదే 10 శాతానికి రాజీపడిపోయాడు. జాయిస్ పట్టు వదల్లేదు. 1996 డిసెంబర్‌లో లండన్ హైకోర్టు అతనిది సమాన భాగం, అంటే 25 శాతం అని తేల్చింది. బకాయి కింద దాదాపు 10 లక్షల పౌండ్లు. మోరిసీ అప్పీలుకు వెళ్తే 1998లో అదీ కొట్టేశారు.

నా మాట సూటిగా చెప్తాను. చట్టం ప్రకారం ఆ తీర్పు సరే కావచ్చు, న్యాయం మాత్రం కాదు. రఫ్ ట్రేడ్ ఒప్పందం మీద సంతకాలు పెట్టింది మోరిసీ, మార్ ఇద్దరే. ఏమైనా తేడా వస్తే కంపెనీ నిలదీసేది వాళ్ళిద్దరినే. స్మిత్స్ అనగానే మీకు గుర్తొచ్చేది ఆ గొంతు, ఆ గిటార్. ఆ డ్రమ్స్ ఇంకెవరు వాయించినా స్మిత్స్ స్మిత్సే అయ్యేది. కాదంటారా?

తబలా_తాతారావు:
కాదంటాను. డ్రమ్మర్ లేకుండా ఒక్క కచేరీ చేసి చూపించమనండి, అప్పుడు మాట్లాడుకుందాం.

బెజవాడ_వకీలు:
పాతకేసెట్ గారూ, ఇందులో ముందు ఒక విషయం విడదీసుకోవాలి. పాట రాసినందుకు వచ్చే రాయల్టీ వేరు, బ్యాండ్‌గా సంపాదించిన లాభం వేరు. మొదటిది పూర్తిగా మోరిసీ, మార్‌లదే. చెరి సగం. ఈ కేసు దాన్ని ముట్టుకోలేదు, జాయిస్ అడగనూ లేదు. మీరు చెప్పే "ఆ గొంతు, ఆ గిటార్" వాదనకి ప్రతిఫలం ఆ ఖాతాలో వాళ్ళకి ముందే అందుతోంది. రెండో ఖాతాలోనూ అదే కారణం చూపించి నాలుగు రెట్లు తీసుకుంటామంటే ఒకే బిల్లు రెండుసార్లు వసూలు చేసినట్టే.

ఇక చట్టం. ఇంగ్లండ్‌లో 1890 నాటి భాగస్వామ్య చట్టం ఉంది. నలుగురు కలిసి లాభం కోసం పని చేస్తూ, వాటాల గురించి వేరే ఒప్పందం ఏదీ లేకపోతే అందరికీ సమాన భాగం అంటుంది దాని 24వ సెక్షన్. మన 1932 చట్టంలో 13వ సెక్షన్ కూడా ఇంచుమించు ఇదే మాట చెప్తుంది. ఇక్కడ ఏ చిన్న ఫర్మ్ లెక్కలు తగాదాలో పడినా మేం మొదట తెరిచే పేజీ అదే. కాబట్టి "నాకెందుకు 25 ఇవ్వాలి" అని జాయిస్ నిరూపించుకోనక్కర్లేదు. "అతను 10కి ఒప్పుకున్నాడు" అని అవతలివాళ్ళు నిరూపించాలి.

వాళ్ళు అది నిరూపించలేకపోయారు. రాతలో ఒక్క ముక్క లేదు. స్టూడియోలో ఫలానా రోజు మాట్లాడుకున్నాం అన్నారు, జడ్జి నమ్మలేదు. తర్వాత లెక్కల కాగితాల్లో 40, 40, 10, 10 అని చూసి కూడా జాయిస్ మాట్లాడలేదు కదా అని అప్పీలులో వాదించారు. విడమరిచి చెప్పకుండా కాగితం చేతిలో పెట్టి, ఊరుకున్నాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అంటే కుదరదని అప్పీలు కోర్టు తేల్చింది.

పాతకేసెట్:
వకీలు గారూ, రెండు ఖాతాల సంగతి ఒప్పుకుంటాను. కానీ పాట రాయడం, వాయించడం తప్ప బ్యాండ్‌లో ఇంకో పని ఉండదా?

స్మిత్స్‌కి గట్టి మేనేజర్ అంటూ మిగల్లేదు. మొదట్లో వెనకుండి నడిపించిన జో మాస్ తొందరగానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా నిలవలేదు. వాహనాలు, హోటళ్ళు, కంపెనీతో ఫోన్లు, డబ్బులు అందలేదని అడిగేవాళ్ళకి జవాబు... ఇవన్నీ మార్ నెత్తిన పడ్డాయి. రఫ్ ట్రేడ్‌తో తగాదా వల్ల మూడో ఆల్బమ్ 'ది క్వీన్ ఈజ్ డెడ్' తయారయ్యాక కూడా నెలల తరబడి బయటికి రాలేదు, 1986 జూన్‌లో గాని విడుదల కాలేదు. ఆ టెన్షన్ ఎవరు పడ్డారు? బ్యాండ్ వదిలేసే నాటికి మార్ వయసు 23. అప్పటికే తాగుడు, నిద్రలేమితో చిక్కి సగమైపోయాడు. ఆ మోతకి విలువ లేదా?

గిటార్‌గోల:
పాయింటే. కానీ ఆ మోత మోరిసీ మోయలేదుగా! మరి అతనికి 40 ఎందుకు? మీ లెక్కన మార్‌కి 60, మోరిసీకి 20 రావాలి.

పాతకేసెట్:
హహ, అది ఇంకో గొడవ బ్రదర్.

నాలుగు_తీగలు:
నేను బేస్ వాయిస్తాను కాబట్టి పక్షపాతం ఉందనుకోండి, ఫర్వాలేదు. "ఇంకెవరు వాయించినా స్మిత్సే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

'దిస్ చార్మింగ్ మ్యాన్' 1983లో వచ్చిన సింగిల్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్‌ని పట్టించుకోకుండా కింద బేస్ ఏం చేస్తోందో వినండి. గిటార్ వెనక నడిచే బేస్ కాదది. విడిగా ఇంకో బాణీ కట్టుకుని పక్కన గంతులేస్తూ పోతుంది. రెండో ఆల్బమ్‌లో 'బార్బరిజమ్ బిగిన్స్ ఎట్ హోమ్' దాదాపు ఏడు నిమిషాలు. ఆ పాటలోంచి బేస్ తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పూర్తిగా ఫంక్ పద్ధతి అది. విషాదం తప్ప ఏమీ లేదని పేరుపడ్డ బ్యాండ్‌లో జనం కాళ్ళు కదిపేలా చేసింది ఆ రూర్క్ వేళ్ళే. మార్, రూర్క్ స్కూలు రోజుల నుంచీ కలిసి వాయించారు. గిటార్ ఎక్కడ ఖాళీ వదులుతుందో ఇతనికి ముందే తెలుసు. డబ్బిచ్చి పిలిపించుకున్న వాద్యకారుడికి ఆ పట్టు ఒక్క రోజులో రాదు.

అయినా ఇవేవీ అతను "రాసిన" పాటలు కావు. రికార్డు మీద పాటకర్తలుగా ఇద్దరి పేర్లే ఉంటాయి. అందుకే ఈ రెండో ఖాతా ముఖ్యం. అతని పని విలువ కనిపించేది అక్కడ ఒక్కచోటే.

జాయిస్ గురించి ఇంత గట్టిగా చెప్పలేను. గట్టిగా, నేరుగా వాయిస్తాడు, పంక్ బ్యాండ్‌లలోంచి వచ్చినవాడు. అయితే కొలిచి పంచుదామంటే కొలబద్ద ఎవరి దగ్గరుంది?

రీల్‌టేప్:
కొలబద్ద సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. 'ది క్వీన్ ఈజ్ డెడ్' పేరుపాటలో మొదలవ్వగానే ఉరిమే డ్రమ్స్ ఉన్నాయి చూడండి, జాయిస్ వాయించిన ముక్కని ఇంజనీర్ స్టీఫెన్ స్ట్రీట్ లూప్ చేసి, అంటే అదే ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చేలా, తిప్పినదే అది. పాట పొడుగునా మనిషి వాయించినది కాదు. ఆ లెక్కన నాలుగో వంతు ఇంజనీర్‌కి ఇవ్వాలా మరి?

తబలా_తాతారావు:
లూప్ చేసిన ముక్క ఎవరు వాయించారు సార్? మీరే చెప్పారుగా.

కోటి_సెంటర్:
ఇదంతా మనకి కొత్తేమీ కాదు. 2017లో ఇళయరాజా గారు ఎస్పీ బాలు గారికి లీగల్ నోటీసు పంపలేదా? అమెరికాలో కచేరీలు చేస్తున్న సమయంలో, నా అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని. అప్పుడు మన ఇళ్ళల్లో ఎంత గొడవ! పాట కట్టినవాడిదా, పాడినవాడిదా? ఇక్కడా అదే ప్రశ్న.

బెజవాడ_వకీలు:
పోలిక బాగున్నట్టే ఉంటుంది గానీ అతకదండీ. బాలు గారు, ఇళయరాజా గారు ఒక ఫర్మ్‌లో భాగస్వాములు కారు. అక్కడ గొడవ బాణీ మీద హక్కు గురించి. స్మిత్స్‌లో బాణీ హక్కు మీద గొడవే లేదు. మన సినిమా రికార్డింగ్‌లో వయొలిన్ వాయించినాయన ఆ పూట డబ్బు తీసుకుని వెళ్ళిపోతారు. ఆయనకి లాభనష్టాలతో సంబంధం ఉండదు. జాయిస్ అలా పూటకూలీ వాద్యకారుడా, లేక ఫర్మ్‌లో మనిషా అన్నదే లండన్‌లో తేల్చాల్సి వచ్చింది. అవతలివాళ్ళ దృష్టిలో తన క్లయింట్ గడ్డి కోసే యంత్రంలో విడిభాగం లాంటివాడు, ఎప్పుడైనా మార్చుకోవచ్చనుకున్నారని జాయిస్ లాయరు కోర్టులో అన్నాడు. ఆ మాట అప్పట్లో పత్రికలన్నిటిలో వచ్చింది.

అతకే పోలిక కావాలంటే 1980ల నాటి ఇంకో ఇంగ్లిష్ బ్యాండ్ చూడండి, స్పాండౌ బాలే. అక్కడ పాటలన్నీ రాసింది గ్యారీ కెంప్. తన పాట రాయల్టీలో కొంత మిగతావాళ్ళకి కొన్నాళ్ళు ఇచ్చి తర్వాత ఆపేశాడు. గాయకుడు టోనీ హాడ్లీతో సహా ముగ్గురు కేసు వేశారు. 1999లో ఓడిపోయారు. ఎందుకంటే వాళ్ళు అడిగింది మొదటి ఖాతాలోంచి. జాయిస్ అడిగింది రెండో ఖాతాలోంచి. ఇంతే తేడా.

రీల్‌టేప్:
మొదటి ఖాతాలోంచి అడిగి గెలిచినవాడూ ఉన్నాడు. ప్రోకల్ హారమ్ అనే బ్యాండ్‌లో ఆర్గాన్ వాద్యకారుడు మాథ్యూ ఫిషర్. 1967 నాటి పాటలో తను వాయించిన ఆర్గాన్ ముక్కకి 40 శాతం హక్కు సాధించుకున్నాడు. 2009లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి పై కోర్టు అదే) దాకా వెళ్ళి మరీ. నాలుగు_తీగలు గారి లెక్కన రూర్క్ కూడా ఆ దారిలో వెళ్ళాల్సిందేమో!

నాలుగు_తీగలు:
నేనూ అదే అనుకుంటూ ఉంటాను. కానీ 1989లో అతని జేబులో లాయరుకి ఇచ్చే డబ్బే లేదు.

జూబిలీ_జామ్:
ఒక్క మాట. కోల్డ్‌ప్లే పాటలకి నలుగురి పేర్లూ ఉంటాయి. అమెరికా బ్యాండ్ ఆర్.ఈ.ఎం. వాళ్ళు కూడా ఎవరు రాసినా నలుగురి పేర్లూ వేశారు. ఆ బ్యాండ్‌లు దశాబ్దాల పాటు నడిచాయి. స్మిత్స్ ఐదేళ్ళలో ముక్కలైంది. కారణం ఇదేనని అనను గానీ...

పాతకేసెట్:
అనను గానీ అంటూ అనేశారు. స్మిత్స్ విడిపోయింది డబ్బు పంపకం వల్ల కాదు. మార్ అలసిపోయాడు, మోరిసీతో చెడింది, సంగీతం మీద కూడా ఇద్దరి దారులు వేరయ్యాయి. పైగా విడిపోయాక, 1988 డిసెంబర్‌లో వూల్వర్‌హాంప్టన్‌లో మోరిసీ తొలి సోలో కచేరీలో వెనక వాయించింది ఎవరు? రూర్క్, జాయిస్! అంత అన్యాయం జరిగిందనుకునేవాళ్ళు మళ్ళీ వెళ్ళి వాయిస్తారా?

దోస్త్_డ్రమ్మర్:
వాయిస్తారన్నా. నేను వాయించాను.

మాది హైదరాబాద్‌లో పెళ్ళిళ్ళకి, కార్పొరేట్ ఈవెంట్లకి వాయించే చిన్న బ్యాండ్. అడ్వాన్స్ తీసుకునేది ఒకరే, పంచేది కూడా ఆయనే. ఎంత వచ్చిందో మాకు తెలీదు, అడిగితే మొహం మాడ్చుకుంటాడు. అడగడం మానేశాం. బయటినుంచి చూసేవాళ్ళకి మేం ఒప్పుకున్నట్టే ఉంటుంది. ఒప్పుకోలేదు, వచ్చే వారం ప్రోగ్రాం పోతుందేమోనని నోరు మూసుకున్నాం. అంతే తేడా.

స్మిత్స్ మొదలైనప్పుడు వాళ్ళ వయసులు చూడండి. మోరిసీ ఒక్కడికే 23. మిగతా ముగ్గురూ ఇరవై నిండనివాళ్ళు. ఆ వయసులో టీవీలో కనిపిస్తున్నాం అంటే చాలు, వాటా ఎంత అని అడగాలని ఎవడికి తడుతుంది?

పాతకేసెట్:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ ఆ వయసు మార్‌కి కూడా వర్తిస్తుంది కదా. అతనూ ఇరవై నిండనివాడే. అతనికి తట్టింది.

దోస్త్_డ్రమ్మర్:
తట్టినవాడు కాగితం రాయించుకోవాలి మరి. సంతకం రఫ్ ట్రేడ్‌తో పెట్టుకున్నాడు గానీ స్నేహితుడితో పెట్టుకోలేదు.

కోటి_సెంటర్:
👏

మాంచెస్టర్_మావయ్య:
చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. సాల్ఫర్డ్ లాడ్స్ క్లబ్ ముందు ఇప్పటికీ రోజూ ఎవరో ఒకరు ఫోటో దిగుతూనే ఉంటారు. 'ది క్వీన్ ఈజ్ డెడ్' ఆల్బమ్ లోపలి ఫోటో అక్కడిదే. ఆ ఫోటోలో నలుగురు ఉన్నారు, ఇద్దరు కాదు. అభిమానులు కొన్నది నలుగురున్న బొమ్మని.

ఇక్కడి పబ్బుల్లో ఈ కేసు మాట వస్తే జనం రెండుగా చీలరు, మూడుగా చీలతారు. మోరిసీ పక్షం, జాయిస్ పక్షం, "పాపం ఆండీ" పక్షం. మూడోదే పెద్దది. 2023 మేలో క్యాన్సర్‌తో పోయాడాయన. ఊళ్ళో ఒక పబ్బు గోడ మీద ఆయన బొమ్మ పెద్దది వేశారు.

అసలు మీరంతా జాయిస్ చుట్టూ తిరుగుతున్నారు గానీ ఒక లెక్క ఎవరూ వెయ్యలేదు. తీర్పు తర్వాత జాయిస్‌కి 25. రాజీ పడ్డ రూర్క్‌కి 10. మిగిలింది 65. అంటే పై ఇద్దరికీ చెరో 32.5. ఒకే బ్యాండ్, ఒకే కాలం, కాగితం లేకపోవడం కూడా ఒకటే. బేస్ వాయించినవాడికి 10, డ్రమ్స్ వాయించినవాడికి 25. ఈ తేడా వాయింపులోంచి వచ్చింది కాదు. ఒకడు ఏడేళ్ళు ఆగగలిగాడు, ఇంకొకడు ఆగలేకపోయాడు.

నాలుగు_తీగలు:
మావయ్య గారూ, పొద్దుట్నుంచి నేను చెప్పాలనుకుంటున్నది ఇదే.

బెజవాడ_వకీలు:
ఆ లెక్క సరైనదే. రాజీ అంటే రాజీయే. తర్వాత తోటివాడు గెలిచాడు కదా అని తిరగదోడడం దాదాపు అసాధ్యం. నా దగ్గరికి వచ్చే అన్నదమ్ముల పంపకాల్లోనూ ఇదే చూస్తుంటాను. అవసరంలో ఉన్నవాడు ముందు సంతకం పెడతాడు.

పాతకేసెట్:
రూర్క్ విషయంలో నాకు వాదన లేదు. ఆ 10 శాతం నాకూ మింగుడుపడదు. నా అభ్యంతరం 25 మీద. నలుగురికీ సమానం అన్నది ఎవరూ అనుకోని అంకె. వాళ్ళలో ఏ ఒక్కరి మనసులోనూ 1983లో ఆ అంకె లేదు. చట్టం దాన్ని బయటినుంచి తెచ్చి పెట్టింది. జడ్జి 15 అనో 18 అనో ఇచ్చి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

బెజవాడ_వకీలు:
అలా ఇచ్చే అధికారం జడ్జికి లేదండీ. ఒప్పందం రుజువైతే 10, కాకపోతే 25. మధ్యలో తన ఇష్టం వచ్చిన అంకె వెయ్యడానికి వీల్లేదు.

ఇంకొకటి, సాక్షుల మీద నమ్మకం. ఆ జడ్జి, వీక్స్, మోరిసీని జిత్తులమారి అనీ, మొండివాడనీ, నమ్మదగని మనిషనీ తీర్పులోనే అన్నాడు. జాయిస్, రూర్క్‌లని నిజాయితీ గల మనుషులన్నాడు, కాకపోతే తెలివితేటల విషయంలో వాళ్ళనీ కాస్త తక్కువ చేసి మాట్లాడాడు. ఆ తీర్పు మీద కోపం మోరిసీకి ఇప్పటికీ చల్లారలేదు. 2013లో వచ్చిన ఆత్మకథలో ఈ కేసుకి పేజీలకి పేజీలు కేటాయించాడు.

రీల్‌టేప్:
ఆ పేజీలు నేను చదివాను. పాటల గురించి అంత రాసి ఉంటే బాగుండేది.

గిటార్‌గోల:
మరి మార్ సంగతి? అతని 40 శాతంలోనూ కోత పడింది కదా. అప్పీలుకి మోరిసీ ఒక్కడే ఎందుకెళ్ళాడు?

బెజవాడ_వకీలు:
మార్ అప్పీలు చెయ్యలేదు. తీర్పుని ఒప్పుకుని తన వంతు లెక్క తేల్చుకున్నాడు.

గిటార్‌గోల:
పాతకేసెట్ గారూ, మీరు మోత మోశాడని చెప్పిన మనిషే 25కి ఒప్పేసుకున్నాడు. మీరింకా ఎవరి తరఫున పోట్లాడుతున్నారు?

పాతకేసెట్:
ఒప్పుకోవడం వేరు, విసిగిపోయి వదిలెయ్యడం వేరు. పైన దోస్త్_డ్రమ్మర్ చెప్పింది కూడా అదేగా, నోరు మూసుకుంటే ఒప్పుకున్నట్టు కాదని. అది జాయిస్‌కి వర్తిస్తే మార్‌కీ వర్తిస్తుంది. రేపు ఆఫీసుంది, మిగతాది శనివారం రాస్తాను. ఈలోగా వకీలు గారు ఒక్కటి చెప్పండి: సంతకం పెట్టినవాడు కంపెనీకి బాధ్యుడైతే, పెట్టనివాడు నష్టంలోనూ నాలుగో వంతు మోయాలా, వద్దా?

బెజవాడ_వకీలు:
మోయాలి. అదే సెక్షన్, అదే వాక్యం. లాభమెంతో నష్టమూ అంతే.